గండికోట లోయ అంచున

గండికోట ఫోటో కనబడని ఊరు ఈ రోజుల్లో అరుదు. గోడ క్యాలెండరు మీదో, పిల్లల సెల్‌ఫోనులోనో ఆ ఎర్రబండల గోడలు, వాటి నడుమ మలుపు తిరిగిన నీరు కనబడుతూనే ఉంటాయి. "ఎంత బాగుందో!" అని చూసి పక్కన పెడతాము. అయితే అటువంటి ఫోటో కోసం ఆ బండల మీద గంటల తరబడి నిలబడితే ఎలా ఉంటుందో, మాకు అనుభవమైనంత వరకు పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కడప జిల్లా జమ్మలమడుగుకు పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఉన్నది గండికోట. కర్ణాటకలోని నందికొండల దగ్గర పుట్టిన పెన్నానది అనంతపురం జిల్లా దాటి వచ్చి, ఇక్కడ ఎర్రమల కొండలను నిలువునా కోసుకొని పారుతుంది. నది కొట్టిన ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు వచ్చింది. లోయ లోతు సుమారు 300 అడుగులు. నాలుగు తాటిచెట్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత అనుకోండి. కడప ప్రాంతపు రాళ్ళను గూర్చి విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లోనే ఒక గ్రంథం ప్రచురించాడు. ఈ రాళ్ళ వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటేనని నేటి శాస్త్రజ్ఞులు చెబుతారు. ఒకప్పుడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుకే గట్టిపడి బండ అయింది. అందుకే ఆ గోడలు ఎవరో ఓపికగా పలకలు పేర్చి కట్టినట్టు ఉంటాయి.

ఆ పొరలే ఫోటోకు అందం. కాని నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అవి కనిపించవు. బండంతా ఒకే ముద్దగా, వెలిసిపోయిన చీరలా ఉంటుంది. ప్రొద్దుటా సాయంత్రమూ ఎండ ఏటవాలుగా పడితే, ప్రతి పొర క్రిందా సన్నని నీడ గీత పడుతుంది. అప్పుడే లోతు తెలుస్తుంది. మరొక ఇబ్బంది ఉన్నది. మన కన్ను ఆకాశపు వెలుగునూ లోయలోని చీకటినీ ఒకేసారి చూడగలదు. కెమెరా అంత నేర్పరి కాదు. ఆకాశం సరిగా వస్తే లోయ నల్లబడుతుంది, లోయ సరిగా వస్తే ఆకాశం తెల్లకాగితమౌతుంది. ఆ రెండూ సమానమయ్యే సమయం ఏ పది నిమిషాలో ఉంటుంది. మిగతాదంతా కాచుకొని కూర్చోవడమే. అమెరికాలో ప్రసిద్ధికెక్కిన ఫోటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్‌లో యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే కొండను తీశాడు. అప్పటికి అతనికి 25 ఏళ్ళు. మోసుకెళ్ళిన గాజు పలకల్లో రెండే మిగిలాయి. ఒకటి పసుపు అద్దం పెట్టి తీసి, తృప్తి చాలక ఆఖరిదానికి ఎర్ర అద్దం పెట్టాడు. ఆకాశం నల్లబడి కొండ ముఖం ముందుకొచ్చింది. అతనికి పేరు తెచ్చినది ఆ ఆఖరి పలకే. నేడు సెల్‌ఫోనులో వేయి తీయవచ్చు. దానివలన ఓపిక పెరిగిందని మాత్రం మాకు తోచదు.

2022 సెప్టెంబరు నెలాఖరున మేము నలుగురం అక్కడికి వెళ్ళాము. సాయంత్రం నాలుగు దాటాక పడమట మబ్బు లేచింది. నల్లని మబ్బు క్రిందినుండి ఎండ దూరి, ఎదుటి గోడ నిప్పుకణికలా వెలిగింది. అటువంటి వెలుగు మేమెన్నడూ చూడలేదు. స్టాండు నిలబెట్టి కెమెరా బిగిస్తూ ఉండగా, గొర్రెలను తోలుకొస్తున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి ఆగాడు.

"సారూ, ఈడ ఉండాకండి. ఉరుము ఇనపళ్యా?"

"వినబడింది తాతా, దూరంగానే ఉంది కదా. ఐదు నిమిషాలు..."

"దూరమనేది మీ లెక్క. పిడుగు లెక్క యేరే ఉంటాది. పోయినేడు మా పక్కూళ్ళో పదారు గొర్రెలు ఒక్క పెట్టుకే పాయె. ఆ ఇనప కాళ్ళు మడిసి లెయ్యండి."

మాలో ఒకతను మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్క పెట్టాడు. పన్నెండు వచ్చింది. ధ్వని ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది; అంటే పిడుగు నాలుగు కిలోమీటర్ల దూరాన పడిందన్నమాట. లెక్క ముప్పైకి లోపు వచ్చిందంటే బయట ఉండరాదని నిపుణుల మాట. మరి మేమున్నది చెట్టూ చేమా లేని బండ కొస. స్టాండు మడిచాము. ఎదుటి గోడ ఇంకా వెలుగుతూనే ఉన్నది. వెనక్కి తిరిగి చూడకుండా నడవడం ఎంత కష్టమైందో ఫోటోలు తీసేవారికే తెలుస్తుంది. మేము కారులో తలుపులు మూసుకొన్న కొద్దిసేపటికి కోట మొత్తం తెల్లగా మెరిసింది. చివరి ఉరుము విన్న తరువాత అరగంట ఆగి బయటికి వచ్చేసరికి చీకటి పడిపోయింది.

ఈ సంగతి పొలాల్లో పనిచేసే కుటుంబాలకు ఇంకా ముఖ్యం గనుక కొంచెం చెబుతాము. పిడుగు నెత్తిన పడితేనే ప్రమాదమనుకోకూడదు. పడిన చోటునుండి కరెంటు నేలమీద పాకుతుంది. ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ ఎడం ఎక్కువ గనుక పశువులు, గొర్రెలు ఒక్కసారే మందలుగా చనిపోతాయి. వానకు చెట్టుక్రిందికి పరుగెత్తడం మనకు చిన్ననాటి అలవాటు; ఉరుములప్పుడు అంతకంటె చెడ్డ చోటు లేదు. పక్కా ఇల్లు గాని, తలుపులు మూసిన బస్సు, కారు గాని మేలు.

మరునాడు తెల్లవారకముందే మళ్ళీ బండ ఎక్కాము. వాన కడిగిన రాయి జారుతున్నది. చాలాచోట్ల అంచున కంచె లేదు. కెమెరాలో కన్ను పెట్టి ఒక్క అడుగు కూడా కదపకూడదని, చోటు మార్చాలంటే కన్ను తీసి, నేల చూసి నడవాలని మేము పెట్టుకొన్న నియమం. సెల్ఫీ కోసం లోయకు వీపు పెట్టి వెనక్కి జరుగుతున్న ఇద్దరు కుర్రవాళ్ళను కేకవేసి ఆపాము. మావైపు కోపంగా చూశారు. చూడనివ్వండి.

ఎండ వచ్చింది గాని నిన్నటి వెలుగు కాదు. లోయ బాగానే ఉన్నా ఎంత లోతో ఫోటోలో తెలియడం లేదు. కొలతకు ఒక మనిషో పశువో ఉండాలి. అంతలో మలుపు దగ్గర అంచుకు ఎడంగా అదే ముసలాయన, అవే గొర్రెలు, నువ్వులు చల్లినట్టు కనబడ్డాయి. లోయ ఒక్కసారిగా లోతైపోయింది. ఆ ఉదయం తీసినవాటిలో మేము దాచుకొన్నది అదొక్కటే.

మరుసటి ఏడు వెళ్ళినప్పుడు దానిని పెద్దదిగా అచ్చు వేయించి ఆయనకు ఇచ్చాము. లోయను చూడలేదు, ఎర్రని వెలుగును చూడలేదు. వేలు పెట్టి గొర్రెలను లెక్కపెట్టాడు. రెండోసారీ లెక్కపెట్టాడు. "ఒకటి తక్కువుండాది. బండ యెనకాల ఉంటాదిలే" అని ఫోటోను పైగుడ్డలో చుట్టుకొన్నాడు.