రిటైర్మెంటు ఉద్యోగానికే, పరిచర్యకు కాదు



"సిస్టర్ గారూ, మాకు అరవై దాటాయి. ఇక సంఘానికి మేమేం పనికొస్తాం?" బి.పి. చూపించుకోవడానికి వచ్చిన పెద్దల నోట ఈ మాట మేము తరచుగా వింటున్నాము. యౌవనస్థులను అడిగితే, "ఉద్యోగం రానివ్వండి, తర్వాత చూద్దాం" అంటారు. పిల్లల సంగతి ఎత్తితే తల్లిదండ్రులు, "వాళ్ళకేం తెలుసు" అంటారు. ఇలా అందరినీ తీసివేస్తే మిగిలేదెవరు? ఆదివారం సాయంకాలం మా వార్డులలో, పలకరించడానికి ఒక్కరైనా రాని రోగులు తలుపు వైపు చూస్తూ ఉంటారు. ఈ వ్యాసం వారి కోసమే.

వాక్యం ఏమి నేర్పుతుంది?

సంఖ్యాకాండము 8వ అధ్యాయములో లేవీయుల వయస్సు గురించి చెప్పబడింది. 25 ఏళ్ళకు వారు ప్రత్యక్షపు గుడారపు సేవలో చేరాలి. 50 ఏళ్ళు వచ్చాక ఆ పని మానాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. తరువాతి వచనంలో, వారు తమ సహోదరులకు తోడుగా ఉండి గుడారాన్ని కాపాడుటలో సహాయపడాలని ఉంది. దేవుడు వారి మీదనుండి బరువు పని దించాడు గాని వారిని ఇంటికి పంపివేయలేదు.

ఫరో ఎదుట నిలిచినప్పుడు మోషేకు 80, అహరోనుకు 83 ఏళ్ళు. నయమాను కుష్ఠు బాగుపడే దారి చెప్పింది ఆ ఇంటి పనిపిల్ల.

మన ప్రాంతపు వైద్య సేవలోనూ ఇది చూస్తాము. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో మన దేశానికి వచ్చినప్పుడు ఆమెకు 27 ఏళ్ళు. గుంటూరులో స్త్రీల కోసం ఆసుపత్రి స్థాపించి, 1930లో 74 ఏళ్ళ వయస్సులో ఆ ఊరిలోనే ప్రభువునందు నిద్రించారు. 1890లో విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్, ప్రభుత్వ వైద్య సేవలో ఏళ్ళ తరబడి పనిచేసి, యాభై దాటిన తరువాతే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల బాధ్యతలు చేపట్టారు.

ఏ వయస్సుకు ఏ పని?

పిల్లలు: వీరిని వార్డులకు తీసుకురావద్దు. సండే స్కూలులో రంగురంగుల కార్డులు చేయించి పంపండి. చూపు తగ్గిన తాతయ్యకు మందు పేరు చదివి వినిపించడం కూడా పరిచర్యే.

యౌవనస్థులు: 18 ఏళ్ళు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తదానం చేయవచ్చు. ఒకసారి ఇచ్చాక పురుషులు 3 నెలలు, స్త్రీలు 4 నెలలు ఆగాలి. అర్ధరాత్రి కాన్పు కేసులో రక్తం కావలసి వచ్చినప్పుడు ఒక ఫోను నంబరు ఎంత విలువైనదో మాకు తెలుసు.

నడివయస్కులు: రోగితో స్కానింగుకు వెళ్ళడం, రాత్రి తోడు పడుకొని ఇంటివారికి కాస్త నిద్ర దొరికేలా చూడడం.

పెద్దలు: మాకు తెలిసిన ఒక అమ్మమ్మ గారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పక్కింటి యువకుడు దగ్గు తగ్గిందని రెండో నెలలోనే టి.బి. మందులు మానబోయాడు. మామూలు టి.బి.కి కూడా మందులు కనీసం 6 నెలలు వాడాలి. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగకుండానూ పోవచ్చు. ఈమె రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చొని, "నాయనా, మాత్ర వేసుకున్నావా?" అని అడిగి, వేసుకున్నాకే కాలెండరులో గీత గీసేవారు. కోర్సు పూర్తయింది. ఆమె మెట్లు ఎక్కలేదు, బరువు ఎత్తలేదు. అయినా ఒక ఇల్లు నిలబడింది.

రోగులను దర్శించేవారికి మా మనవి

* వార్డులోకి వచ్చే ముందు, వెళ్ళేటప్పుడు సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుగుకోండి.
* జలుబు, దగ్గు, జ్వరం ఉంటే రావద్దు. ఇంటి దగ్గరనే ప్రార్థించండి.
* మంచం మీద కూర్చోవద్దు. పది నిమిషాలు చాలు.
* సిస్టర్‌ను అడగకుండా తినడానికి ఏమీ పెట్టవద్దు. ఆపరేషనుకు ముందు ఒక్క ఇడ్లీ అయినా ప్రమాదమే.
* ప్రార్థన చేసే ముందు రోగి అనుమతి అడగండి. మందులు మానమని ఎవ్వరికీ, ఎన్నడూ చెప్పవద్దు.
* వార్డులో విన్న సంగతి బయట చెప్పవద్దు.
* పెద్దలు తమ బి.పి., షుగరు మందులు వేసుకొని, వేళకు భోజనం చేసి రావాలి. రోగిని లేపే పని మాకు వదిలిపెట్టండి.

సంఘ పెద్దలకు ఒక మాట. పెద్దవయస్సులో మోకాళ్ళ నొప్పికి మా దగ్గర మాత్ర ఉంది. "నేను ఎవరికీ అక్కరలేదు" అనే దిగులుకు మాత్ర లేదు. ఆ దిగులుతో అన్నం మానేసి, మందులు మానేసి మా దగ్గరకు వచ్చినవారిని మేము చూచియున్నాము. గనుక వచ్చే ఆదివారం ఒక కాగితం తీసుకొని, సంఘంలోని ప్రతి ఒక్కరి పేరు రాసి, ఎదురుగా వారు చేయగలిగిన ఒక్క పని రాయండి. ఏ పేరునూ ఖాళీగా వదలవద్దు. శక్తి తగ్గినవారికి పని మార్చండి, మనిషిని మాత్రం తీసివేయకండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్