అంతర్జాల పటముతో వెన్నుపాము అధ్యయనము

శరీరశాస్త్ర విద్యార్థికి మిక్కిలి కష్టమనిపించునవి వెన్నుపాము, దానిని మెదడుతో కలుపు మెదడుకాండము. మజ్జాముఖము, పాన్స్, మధ్యమెదడు అనునవి ఈ కాండము యొక్క మూడు భాగములు. వెన్నుపాము పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవుండును; దానినుండి 31 జతల నాడులు వెలువడును.

అచ్చుపుస్తకములోని పటము ఒక్కొక్క అడ్డుకోతను విడిగా చూపును. నాడీమార్గములైతే పైకి పోవుకొలది చోటు మార్చుకొనుచుండును. అంతర్జాలమందలి పటము ఈ కొరతను తీర్చుచున్నది. చదువరి ఒక మార్గమును ఎన్నుకొని, తెరపై కోతలను వరుసగా జరుపుచు, దానిని తుదివరకు వెంబడింపవచ్చును.

ఉదాహరణమునకు కుడికాలిని తీసికొందము. అచ్చటి నొప్పిని తెలుపు మార్గము వెన్నుపాములో ప్రవేశించిన కొద్దిదూరములోనే ఎడమప్రక్కకు దాటును. సున్నితస్పర్శను తెలుపు మార్గము కుడిప్రక్కనే పైకి పోయి, మజ్జాముఖమును చేరిన పిదపనే దాటును. కావున వెన్నుపాములో కుడిసగము మాత్రము తెగినచో, గాయమునకు దిగువ కుడివైపున సున్నితస్పర్శయు, ఎడమవైపున నొప్పియు తెలియకుండ పోవును. 19వ శతాబ్దమున బ్రౌన్ సెకార్ వర్ణించిన లక్షణసముదాయములో ముఖ్యాంశమిదియే.

తెరపై పేర్లను మరుగుపరచి, మార్గమును కాగితముపై గీసి, పిమ్మట సరిచూచుకొనుట మంచి పద్ధతి. ఆంగ్లనామముల సరసన తెలుగు పేర్లు వ్రాసికొనిన భావము స్థిరపడును. ఎచ్చట తెగిన ఏమి పోవునో చెప్పగలిగిననాడే ఆ పటమును చదివినట్లు.