గుడ్లగూబ కొండల కింద ఏముంది?

హిట్లర్ హయాంలో అడవి అడుగున తొలిచిన సొరంగాలు ఎందుకోసమో 80 ఏళ్లు దాటినా తేలలేదు. వాటిని ఎవరు తవ్వారో మాత్రం అందరికీ తెలుసు. కానీ అడిగేవారే తక్కువ

ఒక రైలు 2015 ఆగస్టులో ప్రపంచాన్నంతా ఊరించింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నాజీలు బంగారం నింపి భూగర్భంలో దాచేశారని చెప్పుకునే రైలు ఆచూకీ దొరికిందని పోలాండ్‌లోని వావ్‌బ్జిఖ్ పట్టణం దగ్గర ఇద్దరు అన్వేషకులు ప్రకటించారు. పట్టణం టీవీ కెమెరాలతో, నిధుల వేటగాళ్లతో నిండిపోయింది. డిసెంబర్‌లో క్రాకోవ్ నిపుణులు పరికరాలతో పరీక్షించి అక్కడ రైలేమీ లేదని తేల్చారు. అయినా ఆశ చావక 2016 ఆగస్టులో తవ్వి చూస్తే ఏమీ దొరకలేదు.

అంతటి కథను జనం తేలిగ్గా నమ్మడానికి కారణం లేకపోలేదు. ఆ పట్టణానికి ఆగ్నేయాన ఉన్న గుడ్లగూబ కొండల్లో, దట్టమైన అడవి కింద నిజంగానే ఓ రహస్యం ఉంది. అప్పట్లో జర్మనీలో భాగమైన ఈ ప్రాంతంలో 1943 చివర్లో ‘రీజె’ అనే పథకం మొదలైంది. జర్మన్‌లో ఆ మాటకు మహాకాయుడు అని అర్థం. కొండల్లో ఆరు చోట్ల, కొంత దూరంలోని క్షోంజ్ కోట కింద ఏడో చోట సొరంగాలు తొలిచారు. ఇప్పటివరకూ బయటపడినవన్నీ కలిపితే 8 కిలోమీటర్ల పైమాటే. యుద్ధం ముగిసేనాటికి పని సగంలోనే ఆగిపోయింది. ఏ గది దేనికోసమో చెప్పే ప్లాన్లు ఎవరి చేతికీ చిక్కలేదు.

కాగితాలు చెప్పేదేమిటి?

దొరికిన కొద్దిపాటి ఆధారాలు ఒకే వైపు వేలు చూపుతున్నాయి. అది హిట్లర్ కొత్త కార్యస్థానం. నాజీ ఆయుధాల మంత్రి ఆల్బర్ట్ స్పీర్ యుద్ధ నేరాలకు 20 ఏళ్లు జైల్లో గడిపి బయటికొచ్చాక, 1969లో వెలువడిన తన జ్ఞాపకాల్లో ఈ పథకాన్ని ప్రస్తావించారు. హిట్లర్ స్థావరాల నిర్మాణంలో 28,000 మంది పనివాళ్లున్నారని 1944 జూన్‌లో అధికారులు నివేదించారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో స్పీర్ రాసిన లేఖ ప్రకారం, హిట్లర్ ఎక్కువ కాలం గడిపిన ‘తోడేలు గుహ’ బంకర్లకు 3.6 కోట్ల మార్కులు ఖర్చయితే, ఒక్క రీజెకే 15 కోట్ల మార్కులు పట్టాయి. ఆ ఏడాది జర్మన్ ప్రజలందరి కోసం కట్టిన షెల్టర్లకు దక్కిన దానికంటే ఎక్కువ కాంక్రీటును ఈ ఒక్క పథకమే మింగేసిందని ఆయన రాశారు. తనకు తప్పు అంటకుండా రాసుకోవడంలో స్పీర్ దిట్ట కాబట్టి ఆయన మాటల్ని ఆచితూచి తీసుకోవాల్సిందే. అయితే ఆ లెక్కలు జైలు నుంచి వచ్చాక అల్లినవి కావు, యుద్ధకాలం నాటి లేఖలోవి.

మరి అనుమానం దేనికి? ఒక నాయకుడు, ఆయన సిబ్బంది తలదాచుకోవడానికి కిలోమీటర్ల ఎడంలో ఇన్ని సొరంగాలు కావాలా అన్నది మొదటి ప్రశ్న. మిత్రరాజ్యాల బాంబులకు భయపడి జర్మనీ అప్పటికే తన కర్మాగారాలను భూగర్భంలోకి దించుతోంది. కాబట్టి ఇందులో కొంత భాగం ఆయుధాల తయారీకి ఉద్దేశించినదే అయ్యుండాలని కొందరు పరిశోధకులు వాదిస్తారు. రెండూ నిజం కావచ్చు కూడా. యుద్ధంలో ఓటమి దగ్గర పడేకొద్దీ పథకం లక్ష్యాలు మారి ఉంటాయన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు.

ఖాళీ గోడలు ఊహలకు భలే అనువు. ఒసూవ్కా దగ్గర అడవిలో నిలిచిన ఓ కాంక్రీటు కట్టడాన్ని ‘కేసినో’ అనీ, మరోదాన్ని ‘పవర్ హౌస్’ అనీ పిలుస్తారు. ఇవి తర్వాతి వాళ్లు పెట్టిన పేర్లే. అణుబాంబు ప్రయోగశాల, గంట ఆకారంలోని వింత యంత్రం, రష్యా నుంచి దోచుకొచ్చిన అంబర్ గది... ఇలా ఒక్కో పుస్తకం ఒక్కో కథ చెబుతుంది. వీటిలో దేనికీ నిలబడగల రుజువు లేదు.

సిమెంట్ సంచి మీద రాత

తవ్వినవారి సంగతి అలా కాదు. దానికి రుజువులున్నాయి. మొదట్లో యుద్ధఖైదీలను, బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలను పనిలో పెట్టారు. వాళ్ల శిబిరాల్లో టైఫస్ జ్వరం ప్రబలడంతో పని కుంటుపడింది. విసిగిపోయిన హిట్లర్ 1944 ఏప్రిల్‌లో నిర్మాణాన్ని ‘ఆర్గనైజేషన్ టోట్’ సంస్థకు అప్పగించారు. గ్రోస్-రోజెన్ నిర్బంధ శిబిరానికి అనుబంధంగా కొండల చుట్టూ డజను పైచిలుకు శిబిరాలు వెలిశాయి. వాటిలోకి తరలించిన ఖైదీలు సుమారు 13,000 మంది. అంతా యూదులే. చాలామంది ఆష్విట్జ్ మీదుగా వచ్చినవారు. రాయి తొలవడం, పేల్చిన రాళ్లను బళ్లకెత్తి తోయడం, సిమెంట్ బస్తాలు మోయడం వారి పని. ఆకలికి, జబ్బులకు, దెబ్బలకు దాదాపు 5,000 మంది బలయ్యారని అంచనా. 1945 ఫిబ్రవరిలో నడవగలిగిన వారిని కాలినడకన తరలించారు. మేలో ఎర్రసైన్యం వచ్చేసరికి మిగిలింది రోగులే.

వారిలో అబ్రహాం కైజర్ అనే ఖైదీ చింపిన సిమెంట్ సంచుల కాగితం మీద యిడ్డిష్ భాషలో డైరీ రాశాడు. ఆ ముక్కల్ని మరుగుదొడ్లలో దాచాడు. ప్రాణాలతో బయటపడ్డాక తిరిగొచ్చి వాటిని వెదికి పోగుచేశాడు. 1962లో అవి పోలిష్ భాషలో పుస్తకంగా వచ్చాయి.

ఆ పుస్తకానికి ఇప్పటికీ పాఠకులున్నారు. వారిలో ముఖ్యులు నిధుల వేటగాళ్లు! ఇంకా బయటపడని సొరంగాల జాడ ఏ పేజీలోనైనా తగులుతుందేమోనని వాళ్లు దాన్ని గాలిస్తుంటారు. తాతగారి ఆస్తి కోసం పోలాండ్ వెళ్లిన రచయిత మెనాఖెం కైజర్‌కు, అబ్రహాం తన తాతకు బంధువన్న సంగతి ఆ వేటగాళ్ల వల్లే తెలిసింది. 2021లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఈ వైనమంతా రాశారు. మనిషి చావుబతుకుల మధ్య రాసుకున్న మాటలు మరొకరికి నిధి పటంగా మారిన తీరు అది.

జెచ్కా, వ్వోదాష్, ఒసూవ్కా సొరంగాల్లో టికెట్టు కొనుక్కుని ఎవరైనా తిరగొచ్చు. క్షోంజ్ కోట కింది సొరంగాలనూ 2018లో సందర్శకులకు తెరిచారు. ఆ కోట కిందే పోలాండ్ సైన్స్ అకాడమీ భూమి కదలికల్ని కొలిచే పరికరాలు పెట్టుకుంది. ఎందుకో తెలియకుండా తవ్విన చోట కచ్చితంగా తెలిసిన ఉపయోగం ఇదొక్కటే.

రహస్యం ఉన్నంతకాలం టికెట్లు అమ్ముడవుతాయి. అందులో తప్పు లేదు. కానీ ఆ అడవిలో వాడని సిమెంట్ బస్తాలు వరసగా పేర్చినవి పేర్చినట్టే రాళ్లయిపోయి నేటికీ పడున్నాయి. వాటిని అక్కడికి మోసుకొచ్చిన భుజాలు ఎవరివని అడిగితే, సమాధానం కోసం కొండను తవ్వాల్సిన పనిలేదు.