కారు కెమేరాకు ఫ్యూజు

దారిలో జరుగు సమస్తమును పట్టియుంచు చిన్న కెమేరాను కారు ముందద్దమునకు మీ బిడ్డలును తగిలించి యుందురు. దానికి ఫ్యూజుల పెట్టెనుండి కరెంటు నిచ్చు విధమును నేడు ముచ్చటించెదను. ఈ పనిలో నేను దెబ్బతినినవాడనే. బండి నిలిపినప్పుడును అది కాపలావానివలె మేలుకొని యుండవలెనని, ఎల్లప్పుడును కరెంటుండు ఫ్యూజునకు కలిపితిని. మూడవనాటి రాత్రి నా భార్యకు ఆయాసము హెచ్చి ఆసుపత్రికి బయలుదేరగా బండి కదలలేదు. బ్యాటరీ అడుగంటినది! పొరుగువారి ఆటోయే ఆదుకొన్నది.

బ్యాటరీ యిచ్చునది 12 వోల్టులు. కెమేరాకు సాధారణముగా 5 చాలును. నడుమ మార్పిడి పెట్టె యొకటి వలయును. బ్యాటరీ సుమారు 12 వోల్టులకు దిగగానే కెమేరాను ఆపివేయు పెట్టెనే కొనుడు. నేను కొననిది అదియే. దాని తీగలు తరచు మూడు: ఒకటి నిత్యము కరెంటుండు ఫ్యూజునకు, ఒకటి తాళము త్రిప్పినగాని కరెంటు రాని ఫ్యూజునకు, మూడవది బండి యొంటికి బిగించిన, రంగు పూయని యినుప బోల్టునకు. ఏ ఫ్యూజు ఎట్టిదో చూచిన తెలియదు, టెస్టులాంపుతో పరీక్షింపవలెను.

ఫ్యూజు కాపాడునది తీగను. తీగ యొరసికొని యినుమునకు తగిలినచో ఫ్యూజు ముందు కరగి తెగవలెను. లేకున్న తీగయే మండును. కావున తీగను పాత ఫ్యూజు కాలికి చుట్టి దూర్చుట కూడదు. ఫ్యూజుటాపు అనునది దొరకును. దాని యొక యరలో పాత ఫ్యూజు, రెండవదానిలో కెమేరాకై 2 లేక 3 ఆంపియర్ల ఫ్యూజు. ఎయిర్‌బ్యాగు, బ్రేకుల ఫ్యూజుల జోలికి పోరాదు. అద్దము ప్రక్క స్తంభములో ఎయిర్‌బ్యాగున్నచో తీగ దాని వెనుకగా పోవలెను. ముందుగా పోయిన, అది విచ్చుకొనునపుడు అడ్డుపడును. పరీక్ష ముగిసిన పిదప, బ్యాటరీ నెగటివు తీగ నూడదీసియే ఇవి కలుపుడు.