అన్నీ వస్తాయి... కావాల్సిందే కనపడదు!

వందల ఛానెళ్లు, చేతిలో రిమోట్. అయినా ఇష్టమైన సినిమా ఎప్పుడొచ్చి వెళ్లిపోయిందో తెలీదు. పోనీ రికార్డు చేసిపెట్టుకుందామంటే చివరి పది నిమిషాలు ఉండవు. తెరమీద కనిపించే ఆ చిన్న పట్టికను సరిచేయడం అంత కష్టమా? దాని వెనక ఎంత కథ ఉందో చూద్దాం రండి!

రాత్రి తొమ్మిదిన్నర. వంటిల్లు సర్దేసి, పిల్లల్ని పడుకోబెట్టి కోడలు హాల్లోకి వచ్చింది. ఎనిమిది గంటల సీరియల్‌ని బాక్సులో రికార్డు చేసి పెట్టారు. అత్తాకోడళ్లిద్దరూ తీరిగ్గా కూర్చుని చూస్తున్నారు. తప్పిపోయిన కూతురు పదిహేనేళ్ల తర్వాత గుమ్మం దాకా వచ్చింది. తల్లి తలుపు తీయబోతోంది... అంతే. తెర నల్లగా మారింది. 'రికార్డింగ్ పూర్తయింది' అంది బాక్సు.

'ఒరేయ్ నానీ, ఇంతకీ తలుపు తీసిందా లేదా?' అంటుంది నానమ్మ. మనవడేం చెబుతాడు పాపం!

డిజిటల్ రికార్డరు ఉన్న ఇళ్లలో ఇలాంటిది ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. తప్పు బాక్సుది కాదు. ఎనిమిదిన్నరకి అయిపోతుందని గైడ్ చెప్పింది, బాక్సు ఎనిమిదిన్నరకి ఆపేసింది. మధ్యలో ప్రకటనలు ఎక్కువై సీరియల్ ఐదు నిమిషాలు జరిగిందన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. రికార్డరు ఎంత ఖరీదైనదైనా దాని తెలివి మొత్తం ఆ గైడ్ దగ్గరే ఆగిపోతుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది!

పత్రిక నుంచి తెరమీదకి

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. ఉన్నది ఒక్కటే ఛానెల్ కాబట్టి గైడ్‌తో పనే లేదు. శుక్రవారం చిత్రలహరి, వారాంతంలో సినిమా... అందరికీ కంఠతా వచ్చేసేవి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక పత్రికల్లో 'నేటి టీవీ కార్యక్రమాలు' చూసి, నచ్చినవాటికి పెన్నుతో సున్నా చుట్టడం ఇంటింటా అలవాటైంది. ఆ కాగితం ముక్కే మన మొదటి ప్రోగ్రామ్ గైడ్.

అమెరికాలో ఈ అవసరం చాలా ముందే వచ్చింది. 1953 ఏప్రిల్‌లో 'టీవీ గైడ్' పత్రిక జాతీయ స్థాయిలో మొదలైతే తొలి సంచికే 15 లక్షల పైచిలుకు కాపీలు అమ్ముడైంది. 1970ల్లో అది వారానికి సుమారు రెండు కోట్ల కాపీలకు చేరింది. ఏ కార్యక్రమం ఎప్పుడొస్తుందో చెప్పడమే అంత పెద్ద వ్యాపారమన్నమాట!

1980ల్లో ఆ పట్టిక తెరమీదకి ఎక్కింది. కేబుల్‌లో ఒక ఛానెల్‌ని దానికే కేటాయించారు. పట్టిక దానంతటదే కింది నుంచి పైకి జరుగుతూ ఉండేది. మన ఛానెల్ వచ్చే సమయానికి ఎవరో పిలిచి అటు చూశామా... మళ్లీ మొదటి నుంచీ తిరిగొచ్చేదాకా ఎదురుచూడాల్సిందే.

వీసీఆర్‌ల కష్టాలు మరో రకం. టైమర్ పెట్టడం రాక చాలా ఇళ్లలో దాని గడియారం ఎప్పుడూ 12:00 అని మిణుకుమిణుకుమంటూనే ఉండేది. 1990లో 'వీసీఆర్ ప్లస్' వచ్చింది. పత్రికలో ప్రతి కార్యక్రమం పక్కనా ఒక అంకె అచ్చేసేవారు. ఆ అంకె నొక్కితే చాలు, తేదీ, సమయం, ఛానెల్ అన్నీ యంత్రమే చూసుకునేది. జనానికి కావాల్సింది కొత్త హంగులు కాదనీ ఉన్న పని తేలికవడమేననీ మొదటిసారి గట్టిగా తెలిసింది అప్పుడే.

వేరుశనక్కాయ రిమోట్ మహిమ

1997లో జిమ్ బార్టన్, మైక్ రామ్సే అనే ఇద్దరు కాలిఫోర్నియాలో ఒక కంపెనీ పెట్టారు. రెండేళ్ల తర్వాత 1999 మార్చిలో వాళ్ల 'టివో' మార్కెట్లోకి వచ్చింది. క్యాసెట్ బదులు కంప్యూటర్‌లో ఉండే హార్డ్‌డిస్కు. తొలి మోడల్‌లో పట్టేది 14 గంటల కార్యక్రమాలే. అయితేనేం, అది టీవీ చూసే పద్ధతినే మార్చేసింది.

అదెలాగంటే... రోజుకోసారి ఫోన్ లైన్ ద్వారా రాబోయే రోజుల పట్టికను తెచ్చుకునేది. అందులోంచి మనకి కావాల్సినవి వెతికి పెట్టేది. సీరియల్ పేరు ఒక్కసారి చెబితే చాలు, అది ఏ రోజుకి మారినా ఏ సమయానికి మారినా కొత్త భాగాలన్నీ రికార్డు చేసేది. నటుడి పేరో దర్శకుడి పేరో కూడా ఇవ్వొచ్చు. మన లెక్కలో చెప్పాలంటే... ఎస్వీ రంగారావు పేరు ఇచ్చి ఊరుకుంటే ఆయన సినిమా ఏ ఛానెల్లో ఏ అర్ధరాత్రి వచ్చినా పొద్దున్నకల్లా సిద్ధంగా ఉండటం!

కాలింగ్ బెల్ మోగితే వస్తున్న కార్యక్రమాన్ని ఆపి, తలుపు తీసొచ్చి, ఆపిన చోటునుంచే చూడొచ్చు. చూస్తున్న ఛానెల్‌లోని చివరి అరగంటను పెట్టె ఎప్పుడూ దాచి ఉంచేది మరి. వేరుశనక్కాయ ఆకారంలో ఉండే రిమోట్ మీద రెండు బొటనవేళ్ల గుర్తులు. నచ్చితే ఆకుపచ్చది, నచ్చకపోతే ఎర్రది నొక్కడమే. దాన్నిబట్టి మన అభిరుచి కనిపెట్టి, అడక్కుండానే కొన్ని రికార్డు చేసేది.

అన్నిటికన్నా ముచ్చటైనది చాలామంది గమనించనే లేదు. ప్రకటనల్ని వేగంగా ముందుకు తిప్పుతూ 'అయ్యో దాటిపోయింది' అని మనం బటన్ నొక్కేసరికి ఎలాగూ కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది. టివో ఆ ఆలస్యాన్ని లెక్కేసుకుని, కాస్త వెనక్కి వెళ్లి సరిగ్గా అక్కడినుంచే మొదలుపెట్టేది. మనిషి వేలు ఎంత నిదానమో తెలిసిన యంత్రమన్నమాట. మంచి మార్పంటే అదీ!

పెట్టె ఎవరి పక్షం?

ఇంత సౌకర్యం అందరికీ నచ్చలేదు. ఇంట్లో రికార్డు చేసుకుని తర్వాత చూసుకోవడం తప్పా కాదా అన్నది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1984లో సోనీ వీసీఆర్ కేసులో అయిదుగురు జడ్జీలు 'తప్పు కాదు' అంటే నలుగురు కాదన్నారు. ఒక్క ఓటు తేడాతో ప్రేక్షకుడు గెలిచాడు!

టివోతోపాటే వచ్చిన రీప్లే టీవీ ఇంకో అడుగు ముందుకేసి ప్రకటనల్ని తానే దాటించేసింది. 2001లో టీవీ సంస్థలు, స్టూడియోలు కేసు వేశాయి. దాన్ని అమ్ముతున్న కంపెనీ 2003లో దివాలా తీసింది. రీప్లే టీవీని తయారుచేసిన ఆంథొనీ వుడ్ ఆ తర్వాత పెట్టిన కంపెనీ పేరు... రోకు!

మరోపక్క, పెట్టె ఇంటివాళ్ల మాటే వినాలన్న నమ్మకం కూడా అప్పుడప్పుడూ దెబ్బతింది. 2002లో బ్రిటన్‌లోని టివో యజమానులు ఓ రోజు చూస్తే, అడగని బీబీసీ హాస్య కార్యక్రమం ఒకటి వాళ్ల పెట్టెల్లో రికార్డై ఉంది. ప్రచారం కోసం పంపారట. జనానికి ఒళ్లు మండిపోయింది. 2004లో అమెరికా సూపర్ బౌల్ పోటీ మధ్యలో జానెట్ జాక్సన్ దుస్తులు చిరిగిన క్షణాన్నే జనం ఎక్కువగా వెనక్కి తిప్పి చూశారని టివో ప్రకటించింది. మనం టీవీని చూస్తుంటే అది కూడా మనల్ని చూస్తోందని అప్పుడు అర్థమైంది చాలామందికి.

ఆ 65 సెకన్లు

ఇక మళ్లీ మన నానమ్మ సీరియల్ దగ్గరకొద్దాం. గడియారాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో ఎన్‌బీసీ ఛానెల్‌కి 1968 నవంబరు 17న బాగా తెలిసొచ్చింది. న్యూయార్క్ జెట్స్, ఓక్లాండ్ రైడర్స్ మధ్య ఫుట్‌బాల్ పోటీ. ఇంకా 65 సెకన్ల ఆట ఉంది. జెట్స్ 32-29తో ముందుంది. ఏడు గంటలు కాగానే పట్టికలో ఉన్నట్టుగా ఛానెల్ పోటీని ఆపి 'హెయిడీ' అనే పిల్లల సినిమా వేసేసింది. ఆ మిగిలిన కాస్త సమయంలోనే రైడర్స్ రెండుసార్లు పాయింట్లు కొట్టి 43-32తో గెలిచింది! ఛానెల్ ఫోన్లు ఆగకుండా మోగి చివరికి పనిచేయడం మానేశాయి.

అప్పుడు ఛానెల్ చేసిన పనే ఇప్పుడు మన రికార్డరు చేస్తోంది. మరి దీనికి మందు లేదా? ఉంది, అదీ ఎప్పటిదో! 1985లోనే జర్మనీ ఛానెళ్లు 'వీపీఎస్' అనే ఏర్పాటు చేసుకున్నాయి. కార్యక్రమంతోపాటు కంటికి కనపడని ఒక గుర్తు ప్రసారమవుతుంది. తొమ్మిదింటి సినిమా తొమ్మిది ఇరవైకి మొదలైతే రికార్డరు ఆ గుర్తు వచ్చేదాకా ఆగుతుంది. అయిపోయినట్టు తెలిశాకే ఆపుతుంది. బ్రిటన్‌లోని ఫ్రీవ్యూ డిజిటల్ రికార్డర్లకీ ఇలాంటి ఏర్పాటే ఉంది. అంటే కావాల్సింది కొత్త కనిపెట్టడం కాదు, ఛానెల్ ఆ ఒక్క కబురు బాక్సుకి సకాలంలో చెప్పడం.

మన గైడ్ కథ

మనదేశంలో ఛానెల్ తన కార్యక్రమాల పట్టికను ముందే తయారుచేస్తుంది. ఆ రంగంలో దాన్ని ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అంటారు. అది డీటీహెచ్, కేబుల్ సంస్థలకు చేరి, ప్రసారంతోపాటు మన బాక్సులోకి వస్తుంది. చివరి నిమిషంలో సినిమా మారినా, క్రికెట్ సాగినా, అవార్డుల వేడుక పొడిగినా ఆ మార్పు మన తెరమీదకి రాకపోతే పాత పట్టికే మిగులుతుంది. కొన్నిచోట్ల సినిమా పేరు ఉండాల్సిన చోట 'తెలుగు మూవీ' అని మాత్రమే ఉంటుంది. పేరే లేనిదాన్ని వెతకడం ఎలా? తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కోచోట ఒక్కో రకంగా రాస్తే వెతుకులాట ఇంకో తలనొప్పి. ఇంగ్లిషు చదవడం రాని పెద్దవాళ్లకైతే ఆ పట్టిక ఉన్నా లేనట్టే.

ఇక్కడా మంచి జరగలేదని కాదు. 2008లో టాటా స్కై ప్లస్ రాకతో ఆపి చూడటం, రికార్డు చేయడం మనకీ పరిచయమయ్యాయి. తర్వాత కొన్ని బాక్సులకు పెన్‌డ్రైవ్ తగిలించినా రికార్డు చేసుకునే వీలొచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నం 2013లో తప్పనిసరి డిజిటల్ ప్రసారాల పరిధిలోకి వచ్చాక కేబుల్ ఇళ్లలోనూ గైడ్ కనిపించింది. ఛానెళ్ల వరస గజిబిజిగా ఉంటోందని ట్రాయ్ 2017లో నిబంధనలు తెచ్చింది. వార్తలన్నీ ఒకచోట, సినిమాలన్నీ ఒకచోట, వాటిల్లోనూ ఒకే భాషవన్నీ పక్కపక్కనే ఉండాలి. ఇచ్చిన నంబరును కనీసం ఏడాది దాకా మార్చకూడదు. నంబర్లు గుర్తుపెట్టుకునే పెద్దవాళ్లకి ఇదెంత ఊరటో చెప్పక్కర్లేదు.

చూపులేనివాళ్ల మాటేమిటి? అమెరికాలో 2010లో చేసిన చట్టం వాళ్ల కోసం ఆలోచించింది. 2014లో కామ్‌కాస్ట్ సంస్థ మాట్లాడే గైడ్‌ని తెచ్చింది. ఏ ఛానెల్లో ఏం వస్తోందో అదే చదివి వినిపిస్తుంది. ఆలోచిస్తే, అది తెలుగులో మాట్లాడితే చూపున్న నానమ్మలకీ పనికొస్తుంది!

పెట్టె పోయింది... ప్రశ్న మిగిలింది

ఇప్పుడు రికార్డింగ్ పెట్టెల కాలం ముగుస్తోంది. అమెరికాలో 2017లో మొదలైన యూట్యూబ్ టీవీలో ఇంట్లో హార్డ్‌డిస్కే అక్కర్లేదు, దాచుకున్నవన్నీ కంపెనీ కంప్యూటర్లలోనే ఉంటాయి. అన్నిటికీ దారిచూపిన టివో కూడా 2025లో తన రికార్డర్ల అమ్మకం ఆపేసింది. మనకీ సీరియళ్లు ఓటీటీ యాప్‌లలో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతున్నాయి.

మరి వెతుకులాట తగ్గిందా? లేదు సరికదా, పెరిగింది. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందో తెలీదు. తెరమీద ముందు వరసలో కనిపించేది మనం కోరుకున్నదా, వాళ్లు మనకి చూపించాలనుకున్నదా? బ్రిటన్‌లో 2002లో జనం కోపగించుకున్నది సరిగ్గా ఈ విషయంలోనే. పట్టిక ఎవరు రాస్తే సాయంత్రాలు వాళ్ల చేతిలో ఉంటాయి.

మంచి గైడ్‌కి కావాల్సినవి ఎంతో లేవు. పేరు పూర్తిగా ఉండాలి, మన భాషలో ఉండాలి. సమయం మారితే చెప్పాలి. అడిగింది ముందు, అమ్మేది తర్వాత చూపించాలి. ఇవి మూడూ ఉంటే చాలు... తల్లి తలుపు తీసిందో లేదో నానమ్మ తన కళ్లతో చూసుకుంటుంది!

* * *

రికార్డు చేస్తున్నారా?

* వీలుంటే మొదలు సమయాన్ని అయిదు నిమిషాలు ముందుకీ, ముగింపును పది నిమిషాలు వెనక్కీ జరపండి. ఆ వీలు లేకపోతే తర్వాతి కార్యక్రమాన్ని కూడా కలిపి రికార్డు చేయండి. క్రికెట్ లాంటి లైవ్ కార్యక్రమాలకైతే ఇది తప్పనిసరి.

* పదేపదే చూసే ఛానెళ్లను 'ఫేవరెట్స్'లో పెట్టుకుంటే పెద్దవాళ్లకి వందల నంబర్లు దాటాల్సిన పని తప్పుతుంది.

* డిస్కు నిండిపోతే కొత్తవి రికార్డు కావు, లేదా పాతవి చెరిగిపోతాయి. దాచుకోవాల్సినవాటికి తాళం గుర్తు పెట్టే వీలుందేమో చూడండి.

* బాక్సుకి తగిలించిన పెన్‌డ్రైవ్‌లోని రికార్డింగులు సాధారణంగా ఆ బాక్సులోనే ఆడతాయి. బాక్సు మార్చేముందే వాటిని చూసేయండి.

* స్విచ్ దగ్గరే ఆపేసి పడుకుంటే అర్ధరాత్రి సినిమా రికార్డు కాదు. రిమోట్‌తో మాత్రమే ఆపండి.