కౌలుకు మేపుల్ చెట్లు: అపోహలు – వాస్తవాలు

మేపుల్ సిరప్ తీసేవాళ్లలో చాలామందికి సొంత చెట్లు చాలవు. అమెరికాలోని వెర్మాంట్, న్యూయార్క్, మెయిన్ రాష్ట్రాల్లోనూ కెనడాలోని క్యూబెక్‌లోనూ ఇరుగుపొరుగు అడవుల్లోని మేపుల్ చెట్లను కౌలుకు తీసుకుని, శీతాకాలం చివర వాటి రసం పట్టి, కాచి సిరప్ చేయడం మామూలే. అడవి ఒకరిది, పైపులు, పంపులు, కాచే పెనాలు మరొకరివి. కౌలును ఎకరాల్లెక్కన కాక ట్యాపుల్లెక్కన మాట్లాడుకుంటారు. మానుకు వేసే ఒక రంధ్రం, అందులో బిగించే చిన్న గొట్టం కలిపితే ఒక ట్యాపు. ఏడాదికి ట్యాపుకు ఇంత అని ధర కుదురుతుంది. ఈ ఏర్పాటు చుట్టూ అల్లుకున్న అపోహల్లో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే: కౌలుకు పోయేది రసమని అనుకోవడం. నిజానికి కౌలుదారు వాడుకునేది మానులో ఇంకా గాయపడని కలపను.

అపోహ: తీసుకునేది రసమే కాబట్టి గడువు తీరాక చెట్టు ఎలా ఇచ్చామో అలాగే చేతికొస్తుంది.

తెలుగునాట తాడిచెట్టుకు గెల చెక్కి లొట్టి కడతారు. మాను జోలికి పోరు. మేపుల్‌కు మాత్రం మానులోనే రంధ్రం వేయాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే రంధ్రం వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లు, లోతు 4 నుంచి 5 సెంటీమీటర్లు. ఒకప్పటి 11 మిల్లీమీటర్ల రంధ్రంతో పోలిస్తే ఇది చిన్నదే. రంధ్రం పైపైన ఒకటి నుంచి మూడేళ్లలో పూడుకుపోతుంది. లోపలి సంగతి వేరు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టి వేరుచేస్తుంది. రంధ్రానికి పైకీ కిందికీ అడుగు, ఒక్కోసారి అంతకు మించి, సన్నని నిలువు పట్టీలా కలప గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ పట్టీలో ఇక ఎన్నటికీ రసం పారదు.

అందుకే ప్రతి ఏడూ కొత్త రంధ్రాన్ని పాతదానికి పక్కగా, ఎత్తు మార్చి వేస్తారు. డ్రిల్ నుంచి తెల్లని పొట్టు రాలితే బతికున్న కలప తగిలినట్టు, గోధుమరంగు పొట్టు వస్తే పాత గాయంలో దిగినట్టు. చెట్టు ఏటా బయటివైపు కొత్త కలప పొర వేసుకుంటూ పోతుంది కాబట్టి పాత గాయాలు కాలక్రమంలో లోపలికి కూరుకుపోతాయి. చురుగ్గా ఎదిగే చెట్టుకు కొన్నేళ్లలో మళ్లీ శుభ్రమైన కలప సమకూరుతుంది. బక్కచెట్టుకు ఆ వేగం ఉండదు. అలాంటి చెట్టుకు ఏటా రంధ్రం పెట్టే కౌలుదారు రేపటి కౌలుదారు వాటాను ఈరోజే తినేస్తున్నట్టు లెక్క.

కలప వ్యాపారంలోనూ దీని ప్రభావం కనిపిస్తుంది. రంధ్రాలన్నీ మనిషి చేయి అందే ఎత్తులోనే పడతాయి. అంటే మొదలు దుంగలో. చెట్టు మొత్తంలో ఎక్కువ ధర పలికేది ఆ దుంగే. మచ్చపడిన దుంగ వెనీర్‌కు పనికిరాదు. కొందరు దాన్ని అలంకారపు ఫ్లోరింగ్ చెక్కగా కొంటారు గానీ ఆ గిరాకీని నమ్ముకుని లెక్కలు వేసుకోవడం తెలివైన పని కాదు. పదేళ్లలో మంచి మేపుల్ దుంగలు అమ్ముకోవాలనుకునే యజమాని ఆ చెట్లకు ముందే గుర్తుపెట్టి కౌలు నుంచి తప్పించాలి.

అపోహ: ఏటా రసం తీస్తే చెట్టు ఎండిపోతుంది.

ఇది పైదానికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న భయం. మేపుల్ రసంలో అత్యధిక భాగం నీరే. చక్కెర సుమారు 2 శాతం. రాత్రి గడ్డకట్టే చలి, పగలు సున్నా దాటిన వేడి ఒకదాని తర్వాత ఒకటి వచ్చినప్పుడు కలపలో పుట్టే ఒత్తిడి రసాన్ని రంధ్రంలోంచి బయటికి తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు దాచుకున్న చక్కెరలో ట్యాపు గుండా పోయేది కొద్ది వాటాయే. నూరేళ్లకు పైగా రసమిస్తూ నిలబడిన చెట్లు ఉన్నాయి. హద్దు దాటితే మాత్రం చెట్టు నీరసిస్తుంది. 10 అంగుళాల కంటే తక్కువ వ్యాసమున్న మానుకు ట్యాపు వేయకూడదన్నది కనీస నియమం. జాగ్రత్తపరులు 12 అంగుళాలు వచ్చేదాకా ఆగుతారు. 18 అంగుళాలు దాటితే రెండో ట్యాపు, అంతటితో సరి. లావుపాటి చెట్టుకు మూడు నాలుగు బకెట్లు వేలాడదీసిన పాత ఫొటోలు చూసి అదే పద్ధతి అనుకోకూడదు.

అపోహ: వ్యాక్యూమ్ పంపు చెట్టు ప్రాణాన్ని పీల్చేస్తుంది.

ఇప్పటి పెద్ద తోటల్లో బకెట్లు లేవు. చెట్టు నుంచి చెట్టుకు ప్లాస్టిక్ పైపులు సాగి, చివర ఒక పంపు ఉంటుంది. బకెట్ పద్ధతిలో ట్యాపుకు సీజన్‌లో సుమారు లీటరు సిరప్‌కు సరిపడా రసం వస్తే, మంచి వ్యాక్యూమ్‌తో దాదాపు రెట్టింపు వస్తుంది. వెర్మాంట్ విశ్వవిద్యాలయం 1946లో నెలకొల్పిన ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం చేసిన పరీక్షల్లో వ్యాక్యూమ్ వల్ల లోపలి గాయం పెరిగినట్టు తేలలేదు. అయితే ఎక్కువ రసమంటే ఎక్కువ చక్కెర బయటికి పోవడమే కనుక, మందకొడిగా ఎదిగే చెట్లకు ఈ పద్ధతిని పరిమితంగానే వాడాలి. యజమాని నిజంగా పట్టించుకోవాల్సింది పంపును కాదు, చెట్టు నుంచి వేలాడే చివరి పైపు ముక్కను. అది పొట్టిగా ఉంటే రంధ్రాలన్నీ మానుకు ఒకే పక్కన గుమిగూడతాయి. 30 అంగుళాలకు తక్కువ కాకుండా ఉంటే మాను చుట్టూ తిప్పి వేసుకునే వీలుంటుంది. ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం రాయించుకున్నా చెట్లకు ఎన్నో ఏళ్ల మేలు.

అపోహ: మేపుల్ ఏదైనా మేపులే.

షుగర్ మేపుల్, బ్లాక్ మేపుల్ రసం తియ్యదనంలో ముందుంటాయి. రెడ్ మేపుల్ నుంచీ సిరప్ తీస్తారు గానీ దాని రసం సాధారణంగా పలచన, మొగ్గ కూడా ముందే తొడుగుతుంది. మొగ్గ వచ్చాక తీసిన రసంతో సిరప్ రుచి చెడుతుంది. తయారీదారుల లెక్క ఒకటుంది: 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే ఒక గ్యాలన్ సిరప్‌కు ఎన్ని గ్యాలన్ల రసం కావాలో తెలుస్తుంది. 2 శాతం రసమైతే 43 గ్యాలన్లు, 1.5 శాతమైతే 57. ఆ తేడా అంతా మోయాల్సిన, ఆవిరి చేయాల్సిన నీరే. తోట నుంచి కాచే చోటికి రసాన్ని ట్యాంకర్‌లో తరలించే కౌలుదారుకు ఇది నేరుగా డబ్బు. కాబట్టి రెండు రకాలకూ ఒకే ధర కట్టడంలో అర్థం లేదు.

అపోహ: చెట్లు కౌలుకిస్తే యజమాని చేతినిండా డబ్బు.

ట్యాపుకు ఏడాదికి అర డాలరు నుంచి డాలరు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ పలుకుతుంది. మంచి తోటలో ఎకరాకు 60 నుంచి 80 ట్యాపులు పడతాయి. అంటే 1,000 ట్యాపులున్న పదిహేను ఎకరాల అడవి మీద సుమారు అయిదు వందల నుంచి వెయ్యి డాలర్లు. ఆస్తి పన్నులో కొంత తీరుతుంది, అంతే. కొందరు యజమానులు డబ్బుకు బదులు ఏటా కొన్ని గ్యాలన్ల సిరప్ తీసుకుంటారు. ఇది ముచ్చటగానే ఉంటుంది, తోట చిన్నదైతే.

అలాగని కౌలుదారు కొల్లగొడుతున్నాడనుకోవడమూ పొరపాటే. వ్యాక్యూమ్‌తో ట్యాపుకు వచ్చే అర గ్యాలన్ సిరప్ బరువు అయిదున్నర పౌండ్లు. టోకున పౌండుకు రెండు డాలర్ల పైచిలుకు వస్తే చేతికందేది పన్నెండు డాలర్ల లోపే. అందులోంచి ఇంధనం, కూలి, కౌలు పోవాలి. పైపులు వేయడానికి మొదట్లోనే ట్యాపుకు పది డాలర్లు దాటే పెట్టుబడి ఉంటుంది.

అపోహ: ఏడాదికి ఆరు వారాల పనికి నోటిమాట చాలు.

రసం కారేది నాలుగు నుంచి ఆరు వారాలే. పైపులు మాత్రం ఏడాది పొడవునా అడవిలోనే ఉంటాయి. సీజన్ ముగిశాక మానులోని గొట్టాలనే పీకేస్తారు. ఆ పైపులు స్నోమొబైల్ దారులు, వేట, కలప నరకడం అన్నిటికీ అడ్డే. మరోవైపు పదేళ్లకు పైగా నిలిచే సామగ్రిని ఏడాది మాట మీద ఏ కౌలుదారూ బిగించలేడు. అందుకే అయిదేళ్లకో పదేళ్లకో కాగితం రాసుకుంటారు. ఎన్ని ట్యాపులు, ఎంత వ్యాసం దాటిన చెట్లు, బాట ఎటునుంచి, పక్క చెట్లను పలచన చేసే నిర్ణయం ఎవరిది, ప్రమాద బీమా ఎవరి పేరిట, గడువు తీరాక పైపులు ఎన్నాళ్లలో తీసేయాలి అన్నవన్నీ అందులో ఉండాలి. చెట్లు విరిగిపడితే కౌలు ఎలా తగ్గుతుందో కూడా రాసుకోవాలి. 1998 జనవరిలో క్యూబెక్ నుంచి మెయిన్ దాకా కురిసిన మంచువానకు తోటలకు తోటలే కొమ్మలు విరిగి కూలాయి.

యజమాని భూమి అమ్మేస్తే ఏమిటన్నది చాలామందికి ఆలస్యంగా తట్టే ప్రశ్న. వెర్మాంట్‌లో ఏడాదికి మించిన కౌలును టౌన్ క్లర్క్ దగ్గరి భూమి దస్త్రాల్లో నమోదు చేయించకపోతే, కొత్తగా కొన్నవాడు దానికి సాధారణంగా కట్టుబడనక్కర్లేదు. అడవిగా ఉపయోగించే భూమికి పన్ను తగ్గించే పథకంలో ఉన్న యజమాని, రసం తీయడం తన అటవీ నిర్వహణ ప్రణాళికలో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

అపోహ: చెట్లు దొరికితే చాలు, సిరప్ అమ్ముకోవచ్చు.

వెర్మాంట్‌లో చాలావరకు నిజం. ప్రపంచపు మేపుల్ సిరప్‌లో సుమారు 70 శాతం తీసే క్యూబెక్‌లో కాదు. అక్కడ 2004 నుంచి ఉత్పత్తిదారుల సంఘం కోటాలు నడుపుతోంది. పీపాల లెక్కన టోకుగా అమ్మాలంటే ఆ కోటా ఉండాలి; చిన్న డబ్బాల్లో నేరుగా వినియోగదారుకు అమ్ముకునేవాళ్లకు మినహాయింపు ఉంది. ప్రభుత్వ అడవుల్లోని మేపుల్ చెట్లనూ అక్కడ వాడుకోవచ్చు గానీ దానికి ప్రాంతీయ ప్రభుత్వ శాఖ ఇచ్చే అనుమతిపత్రం వేరు, అమ్ముకోవడానికి కోటా వేరు. మొదటిది చేతికి రాగానే పైపులు కొనేసి రెండోదాని కోసం ఎదురుచూసేవాడికి ఆ ఏడు మిగిలేది ఇంటి అవసరానికీ ఇరుగుపొరుగుకీ సరిపడా అమ్మకమే.