టీకా మానితే ఈతకే నష్టం

ఒంగోలు: వానలు వెనకబట్టి చలిగాలి మొదలయ్యే రోజుల్లో ప్రకాశం జిల్లా పాడి రైతుకు రెండు సూదుల పని ఒకేసారి వచ్చి పడుతుంటుంది. ఒకటి ఎద సూది, రెండోది గాలికుంటు టీకా. వేసవిలో ఎద చూపని గేదెలు ఈ చల్లని నెలల్లోనే ఎక్కువగా ఎదకు వస్తాయి. ఆరు నెలలకోసారి వేసే గాలికుంటు టీకాల విడత కూడా ఒక్కోసారి ఇదే అదనులో పడుతుంది. టీకా వేయిస్తే కట్టిన చూడి పోతుందని, పాలు ఎగదన్నుతాయని భయపడి, సిబ్బంది వచ్చే వేళకు గేదెలను పొలానికి తోలుకుపోయే రైతులున్నారు. ఈ భయంలో కొంత నిజం లేకపోలేదు. కాని టీకా మానడం వల్ల జరిగే నష్టం అంతకన్నా చాలా పెద్దది.

రెండు రోజుల జ్వరం, ఏడాది నష్టం

గాలికుంటు టీకాలో ఉండేది చంపిన వైరస్. దానివల్ల రోగం రాదు. సూది పడ్డ చోట కొంచెం వాపు, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం, పాలు కొద్దిగా తగ్గడం మామూలే. కొద్ది రోజుల్లో అవే సర్దుకుంటాయి. అయితే ఎద సూది వేయించిన తొలి నెలలో పిండం గర్భసంచిలో ఇంకా పూర్తిగా కుదురుకోదు. అప్పుడు తల్లికి జ్వరం తగిలితే చూడి నిలవకపోయే అవకాశం ఉంది. నెలలు నిండిన గేదె విషయంలో మందుకన్నా పట్టుకునే తీరులోనే ప్రమాదం ఎక్కువ. బెదరగొట్టి, పడదోసి సూది వేస్తే ఈసుకుపోవచ్చు.

రోగమే వస్తే సంగతి వేరు. తీవ్రమైన జ్వరం, నోట బొబ్బలు, గిట్టల మధ్య పుళ్లతో పశువు మేత ముట్టదు. చూడి పశువులు ఈసుకుపోతాయి. పాలు తాగే దూడలు గుండె దెబ్బతిని ఉన్నట్టుండి చనిపోతాయి. పుళ్లు మానిన తర్వాత కూడా ఎండకు రొప్పుతూ, సకాలంలో ఎదకు రాక వట్టిగా నిలిచిపోయే పశువులు ఉంటాయి.

గేదె చూడికాలం సుమారు 310 రోజులు. ఏడో నెలలో ఈసుకుపోయిన గేదెకు మళ్లీ ఎద సూది వేయించాలంటే రెండు నెలలైనా ఆగాలి. మొదటి సూదికే కట్టినా, తిరిగి ఈనేసరికి ఏడాది దాటిపోతుంది. అన్నాళ్ల మేపు ఖర్చూ రైతు నెత్తినే పడుతుంది.

తేదీలు కుదుర్చుకునే పద్ధతి

ఈనిన గేదెకు ఎద సూది వేయించే ముందు దాదాపు 60 రోజులు విడిచిపెట్టాలి. టీకాకు అనువైన సమయం అదే. ఎద సూదికి మూడు నాలుగు వారాల ముందే టీకా పడితే జ్వరం భయం ఉండదు, చూడి కట్టే నాటికి రోగనిరోధక శక్తీ వస్తుంది. టీకాకు రెండు వారాల ముందు నట్టల మందు తాగించడం మంచిది.

ఎద సూది వేయించి కొద్ది రోజులే అయిన పశువు ఉంటే, దాన్ని దాచిపెట్టకుండా ఆ తేదీని సిబ్బందికి చెప్పాలి. చుట్టుపక్కల రోగం లేకపోతే కొన్ని వారాలు ఆగి వేయవచ్చునో లేదో పశువైద్యుడు నిర్ణయిస్తారు. పొరుగూళ్లో రోగం కనిపించినప్పుడు మాత్రం ఆగడం మంచిది కాదు. నెలలు నిండిన పశువుకు ఈనిన తర్వాత మరవకుండా వేయించాలి. నాలుగు నెలలు నిండిన దూడకు తొలి టీకా, నెల తర్వాత రెండోది వేయించి, ఆపైన పెద్ద పశువులతోపాటే ఆరు నెలలకోసారి వేయించాలి.

గేదెల్లో మూగ ఎద ఎక్కువ. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక గమనిస్తే తీగలు వేయడం, మాటిమాటికి మూత్రం పోయడం, పాలు సరిగా చేపకపోవడం తెలుస్తాయి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. ఒక్క ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగవలసిందే. మూడో నెలలో చూడి పరీక్ష చేయిస్తే వట్టి పశువును చూడిదనుకుని మేపే బాధ తప్పుతుంది.

పెయ్యకు ఒక్కసారే

ఈతను నేరుగా దెబ్బతీసే మరో జబ్బు ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్. ఐదో నెల దాటాక చూడి పోవడం, మాయ పడకపోవడం దీని లక్షణాలు. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య వయసు పెయ్యలకు ఒక్కసారి టీకా వేయిస్తే చాలు. ఇది ప్రాణమున్న సూక్ష్మజీవితో చేసిన టీకా. చూడి పశువులకు, మగదూడలకు వేయరాదు.

ఈ రోగం మనుషులకూ అంటుతుంది. విడిచి విడిచి వచ్చే జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. పాకలో పనిచేసే ఆడవాళ్లు ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో ఎత్తిపోయడం ప్రమాదకరం. చేతులకు తొడుగులు వేసుకుని, లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. పాలు కాచిన తర్వాతే తాగాలి.

ఒకే పుస్తకంలో రెండు తేదీలు

గాలికుంటు, ఈసుడు టీకాలను 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తున్నారు. పశువు చెవికి వేసే పోగుపై 12 అంకెల సంఖ్య ఉంటుంది. టీకా సత్తాకు ముసర వ్యాధే నిదర్శనం. మందలను తుడిచిపెట్టిన ఆ జబ్బు ప్రపంచమంతటా నిర్మూలమైందని 2011లో ప్రకటించారు.

ఎద సూది వేసేవారు ఒకరు, టీకా వేసేవారు మరొకరు అయిన ఊళ్లలో ఈ రెండు తేదీలూ ఒకచోట తెలిసేది రైతుకే. పాకలో ఒక చిన్న పుస్తకం పెట్టి, చెవిపోగు సంఖ్య, ఈనిన తేదీ, ఎద సూది తేదీ, టీకా తేదీ రాసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. టీకాల విడత తేదీని నెల ముందే ఊళ్లో దండోరా వేయించి చెబితే మిగతా సగమూ తీరుతుంది. అప్పుడు గేదెను పొలానికి తోలుకుపోవలసిన అవసరం ఏ రైతుకూ ఉండదు.